పగటి దీపం

2020 ఏప్రిల్ నెలలో ఒక రాత్రి. దేశమంతటా లాక్‌డౌన్ అమలులో ఉంది. సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మా ఇల్లు. నాకు ఊహ తెలిసిన నాటినుండి రేయింబవళ్ళు వినిపిస్తూ వచ్చిన మరమగ్గాల చప్పుడు ఆ లాక్‌డౌన్‌తో పూర్తిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడలేక, నిద్ర రాక, మా అక్క, ఆమె కొడుకు, నేను ముందుగదిలో కూర్చొని ఒక అమెరికన్ చిత్రం చూస్తున్నాము. దాని పేరు 'అన్‌కట్ జెమ్స్'. సఫ్డీ సోదరులు తీసిన ఆ చిత్రం 2019లో విడుదలైంది. సానపట్టని రత్నాలు అని దాని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు.

అక్కకు ఇంగ్లీషు రాదు. నగరపాలక సంస్థ వారి తెలుగు బడిలో ఐదవ తరగతి వరకు చదివింది. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టం పుచ్చుకొని, అనువాదాలతో పొట్టపోసుకుంటున్నవాణ్ణి గనుక, పాత్రలు మాట్లాడిన ప్రతి మాటా ఆమె చెవిలో తెలుగు చేసి చెబుతూ కూర్చున్నాను.

న్యూయార్క్ నగరంలో నలభై ఏడవ వీధిని వజ్రాల వీధి అంటారు. అక్కడ హోవర్డ్ రాట్నర్ అనే నగల వ్యాపారి ఉంటాడు. ఆడం శాండ్లర్ అనే నటుడు ఆ పాత్రను ధరించాడు. హోవర్డ్ ఒకరికి బాకీ తీర్చడానికి ఇంకొకరి దగ్గర అప్పు చేస్తాడు. ఒకరు నమ్మి ఉంచిపోయిన ఉంగరాన్ని మరొకరి దగ్గర తాకట్టు పెడతాడు. ఆ సొమ్ము తీసుకుపోయి బాస్కెట్‌బాల్ పందేలలో ఒడ్డుతాడు. ఒక చెవిన ఫోను, ఎదుట ఒక ఖాతాదారు, తలుపు అవతల అప్పులవాళ్ళు. ముగ్గురికీ మూడు అబద్ధాలు ఏకకాలంలో చెబుతూ, ఆ మూడింటినీ తానే ముందుగా నమ్ముతాడు.

ఆ ఘట్టంలో అక్క పకపకా నవ్వింది. "మీ బావకు ఇంగ్లీషు ఎప్పుడచ్చిందిరా తమ్మీ?" అని అడిగింది.

నేనూ నవ్వాను. కాని తరువాతి వాక్యం తెలుగు చేయడానికి నా గొంతు పెగలలేదు.

* * *

సూరత్‌లో వ్యాపారానికి మొదటి పెట్టుబడి నమ్మకం. పదిహేడవ శతాబ్దంలోనే వీర్జీ వోరా అనే ఇక్కడి వర్తకుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అప్పులిచ్చేవాడు. నేడు ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఈ నగరంలోనే సానపడతాయని చెప్పుకుంటారు. 2023 డిసెంబరులో నగర శివార్లలోని ఖజోద్‌లో వేలకొద్దీ కార్యాలయాలతో బ్రహ్మాండమైన వజ్రాల భవనానికి ప్రారంభోత్సవం జరిగినా, మహీధర్‌పురా వీధులలో దళారులు ఇప్పటికీ రోడ్డు పక్కన నిలబడి, మడతలు పెట్టిన కాగితపు పొట్లాలు విప్పి, భూతద్దాలతో రాళ్ళు పరీక్షించుకుంటూ బేరాలాడుతుంటారు. లక్షల విలువ చేసే పొట్లం ఒక చేతినుండి మరొక చేతికి నోటిమాట మీద మారిపోతుంది.

రింగు రోడ్డు మీది చీరల మార్కెట్లదీ అదే తీరు. మాలు ముందు వెళుతుంది. సొమ్ము అరవై రోజులకో, తొంభై రోజులకో వస్తుంది. ఆ మధ్యకాలమంతా నమ్మకమే కాపలా కాయాలి.

ఆ నమ్మకం చెడినప్పుడు వాడే మాట ఒకటుంది: ఉఠమణుం. నా వృత్తిలో నన్ను మొదట పరాభవించిన పదం ఇదే. గుజరాతీలలో ఎవరైనా మరణిస్తే బంధుమిత్రులు ఒకచోట కూడి, కాసేపు కూర్చొని, ప్రార్థన చేసి లేచిపోతారు. దానిని ఉఠమణుం అంటారు. కొత్తగా వృత్తిలో చేరిన రోజులలో ఒక ఫిర్యాదు పత్రాన్ని ఇంగ్లీషు చేయమని ఒక న్యాయవాది నాకిచ్చారు. అందులో ఫలానా వర్తకుడు రెండు కోట్లకు ఉఠమణుం చేశాడని ఉంది. నేను నిఘంటువు చూసి, ఆ వర్తకుడు రెండు కోట్ల రూపాయలకు సంతాప సభ జరిపాడని రాసి ఇచ్చాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. రాత్రికి రాత్రి దుకాణం మూసి, అందరి బాకీలూ ఎగవేసి లేచిపోవడాన్ని కూడా సూరత్ మార్కెట్లో ఆ పేరుతోనే పిలుస్తారని అప్పుడు తెలిసింది.

మన తెలుగు వాళ్ళు "ఐ.పి. పెట్టాడు" అంటారు. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్ మన నోళ్ళలో నలిగి అలా మిగిలింది. అదీ లేకుండా ఎగ్గొట్టి పారిపోతే "బోర్డు తిప్పేశాడు" అంటాము. దివాలా అన్న మాటకు మాత్రం ఒక వింత కథ ఉంది. పూర్వం వర్తకుడు తాను ఇక బాకీలు తీర్చలేనని తెలుసుకున్నప్పుడు పట్టపగలు తన దుకాణంలో దీపం వెలిగించేవాడట. ఆ దీపం చూసి అప్పులవాళ్ళు సంగతి గ్రహించేవారట. దీపం నుండే దివాలా పుట్టిందని కొందరు నిఘంటుకారులు రాశారు, కాదనేవారూ ఉన్నారు. వ్యుత్పత్తి ఎలా ఉన్నా, ఆ ఆచారం నాకు గొప్పదిగా తోస్తుంది. తన ఓటమిని తానే వెలిగించి చూపడానికి ఎంత ధైర్యం కావాలి!

మా బావ ఏనాడూ ఆ దీపం వెలిగించలేదు.

* * *

సిరిసిల్ల నుండి, ఉమ్మడి కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల ఇతర ఊళ్ళ నుండి నేత పనివారు సూరత్‌కు వలస వచ్చి అనేక దశాబ్దాలైంది. మా నాన్న అలా వచ్చినవాడే. జీవితమంతా సాంచెల ముందు నిలబడి, చివరి రోజులలో చెవులు వినపడక, మేము మాట్లాడుతుంటే పెదవుల వంక చూసేవాడు. బావ కూడా సాంచెల కార్మికుని కొడుకే. కాని అతను సాంచెను ముట్టలేదు. "దాని ముంగట నిలవడ్డోడు చెవిటోడైతడు. నాకు దేవుడు నోరిచ్చిండు" అనేవాడు.

ఆ నోరు నిజంగా దేవుడిచ్చినదే. రింగు రోడ్డులో ఒక టోకు దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరి, కొన్నాళ్ళకే వరంగల్లు, కరీంనగర్, నిజామాబాద్ దుకాణాలకు తిరిగి కమీషన్ మీద చీరలు అమ్మడం మొదలుపెట్టాడు. జార్జెట్ చీర మడత విప్పి తన ముంజేతి మీదుగా జారవిడిచేవాడు. నిన్న వద్దన్న చీరనే ఇవాళ, "ఇది పక్క షాపు సేటు పక్కకు పెట్టించుకున్నడు, మీకు చూపెట్టద్దు" అని లోపల పెట్టబోయేవాడు. దుకాణదారు పట్టుబట్టి అదే కొనేవాడు.

నమూనా ఒకటి, మూటలో మాలు ఇంకొకటి. బిల్లులో పన్నెండు, మూటలో పది. ఇటువంటి ముచ్చట్లు అతను భోజనాల వేళ చెబుతుంటే ఇల్లంతా విరగబడి నవ్వేది. మార్కెట్లో అందరూ చేసేదే కదా అనుకొనేవాళ్ళం.

అప్పట్లో నేను ఎం.ఏ. చదువుతున్నాను. ఆర్థర్ మిల్లర్ 1949లో రాసిన 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' నాటకం మాకు పాఠ్యగ్రంథం. అందులోని విల్లీ లోమన్ ఊరూరా తిరిగి ఏ సరుకు అమ్ముతాడో నాటకం మొత్తంలో ఎక్కడా చెప్పలేదని మా అధ్యాపకులు వివరించారు. అమ్మేది తననే కాబోలునని పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మన గురజాడ వారి గిరీశం కూడా ఆ కోవలోనివాడే. అతని సరుకంతా మాటలే. ఇన్ని తెలిసినా, రోజూ నా పక్కన కూర్చొని అన్నం తినే మనిషిని ఆ వరుసలో చేర్చి చూడాలని నాకు తట్టలేదు. పుస్తకంలోని మనిషిని పరీక్షిస్తాము. ఇంట్లో మనిషిని ప్రేమిస్తాము.

2011 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి భారత జట్టు వాంఖడే మైదానంలో ప్రపంచ కప్పు గెలిచింది. ఆ రాత్రి బావ మా వీధి వీధంతటికీ మిఠాయి పంచాడు. అంత సంతోషం దేశభక్తి వల్లనే అనుకున్నాము. పందెం కాసి గెలిచాడని తరువాత తెలిసింది. ఆరు రోజుల తరువాత ఐ.పి.ఎల్. పోటీలు ప్రారంభమైనాయి. మే నెల ముగిసేసరికి గెలిచిన సొమ్ము, చేతిలోని సొమ్ము, చేతిలో లేని సొమ్ము కూడా పోయింది. వరంగల్లు ప్రాంతపు దుకాణదారు మాలుకు ఇచ్చిన రొక్కం సూరత్‌లోని సేటుకు చేరకుండా దారిలోనే పందేలకు పోయింది.

అటువంటి రోజులలో ఒక సాయంకాలం బావ ఒక ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ దుకాణదారు సేటుకు తెలుగులో రాసిన ఉత్తరం. "మాలు తాలూకు సొమ్ము మొత్తం మీ మనిషి చేతికి ఇచ్చినాము. రసీదు పంపగలరు" అని దాని సారాంశం. సేటుకు తెలుగు రాదు. దానికి గుజరాతీ అనువాదం రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలి. అంతకుముందు అటువంటివి ఎన్నో రాసి ఇచ్చాను. నా సంతకం మీద సేటుకు గురి ఉంది.

బావ వేలు పెట్టి ఒక మాట చూపించాడు. "బామ్మర్దీ, ఈ ఒక్క మాట. 'ఇచ్చినాము' కాడ 'ఇస్తాము' అని రాయి. పది రోజుల్ల సొమ్ము నేను కడ్త. ఎవనికీ ఏం గాదు."

అడిగినది ఒక్క క్రియాపదం. భూతకాలాన్ని భవిష్యత్తు చేయడం. అతని ముఖంలో భయం ఏమాత్రం లేదు. పండుగ ముందు పిల్లవాడి కళ్ళలా అతని కళ్ళు మెరుస్తున్నాయి. నేను కలం తీశాను. "ఆపీ దీధా" అని రాయవలసిన చోట "ఆపీశుం" అని రాసి సంతకం పెట్టాను.

ఆ ఉత్తరం చూసి సేటు మరో 2,80,000 రూపాయల మాలు ఇచ్చాడు. బావ దానిని కొన్న ధర కన్న తక్కువకు రొక్కానికి అమ్మివేశాడు. జూన్ నెలలో ఒక తెల్లవారుజామున అతను ఇంట్లో లేడు. సెల్‌ఫోను వంటింట్లో, బియ్యం డబ్బా మీద ఉంది.

* * *

సేటు మూడవ రోజున మా ఇంటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. కేకలు వేయలేదు. ఆ తెలుగు ఉత్తరాన్ని ఈలోగా మరెవరి చేతనో చదివించుకున్నాడు. రెండు కాగితాలూ నా ముందు పరచి, "భాయ్, ఇది నీ చేతిరాతేనా?" అని అడిగాడు.

"చేతిరాత సరిగా కనబడక పొరపడ్డాను" అన్నాను.

సేటు నా ముఖం వంక చూసి, కాగితాలు మడిచి లేచిపోయాడు. ఆ అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ విద్య బావ దగ్గర నేర్చుకున్నానని ఆనాడు ఒప్పుకోలేకపోయాను.

ఆ తరువాత నాలుగు నెలలు పని చేయలేకపోయాను. ఏ పత్రం ముట్టుకున్నా క్రియాపదాల దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఆ ఏడు దీపావళి అక్టోబరు 26న వచ్చింది. దీపావళికి గుజరాతీ వర్తకులు కొత్త ఖాతా పుస్తకాలకు పూజ చేస్తారు. చోప్డా పూజన్ అంటారు. సాయంకాలం మార్కెట్టంతా దీపాలు. దివాళీ, దేవాళుం అన్న రెండు గుజరాతీ మాటల మధ్య ఉన్నది ఎంత సన్నని గీత! ఆ దీపాల మధ్యనుండి నడిచి సేటు దుకాణానికి పోయాను. పొరపాటు కాదని, తెలిసే రాశానని, 2,80,000 రూపాయలు నేను కడతానని చెప్పాను.

సేటు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కొత్త పుస్తకం తెరిచి నా పేరు రాశాడు. "నీ బావ పేరు ఉఠమణుం కింద రాసుకున్నాను. నీ పేరు మామూలు ఖాతాలో రాస్తున్నాను. ఈ పేజీ దాటి ఆ పేజీకి పోకు" అన్నాడు.

నెలకు 5,000 రూపాయల చొప్పున యాభై ఆరు నెలలు కట్టాను. 2016 జూన్‌లో చివరి వాయిదా తీసుకొని, సేటు ఆ రెండు కాగితాలూ నాకు తిరిగి ఇచ్చి చింపివేయమన్నాడు. చింపలేదు. నా నిఘంటువులో దాచుకున్నాను.

ఇక బావ. 2012 ఆగస్టులో, పధ్నాలుగు నెలల తరువాత, ఒక మధ్యాహ్నం తలుపు తట్టాడు. చిక్కి సగమైనాడు. అక్క ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. తిని, చేయి కడుక్కోక ముందే, "ఒక మంచి బేరమున్నది" అన్నాడు. పెద్దమనుషులు కూర్చొని, అక్క బంగారం, రెండు గదుల ఇల్లు అమ్మించి తక్కిన బాకీలు తేల్చారు. బావ సిరిసిల్లలో తల్లి దగ్గరకు పోయాడు. అక్క, పిల్లవాడు నా దగ్గర ఉండిపోయారు.

* * *

సినిమా ముగింపుకు వచ్చింది. హోవర్డ్ మామగారిని వేలంలో కూర్చోబెట్టి, తన రాయి ధరను తానే పైకి పాడించబోయి, ఆ రాయిని మామగారి మెడకే తగిలిస్తాడు. "మామను ముంగట నిలవెట్టుడు అన్ని దేశాలల్ల ఉన్నట్టుంది" అన్నది అక్క. చివరికి హోవర్డ్ చేతికి 1,65,000 డాలర్లు వస్తాయి. బాకీ తీర్చి ప్రాణం కాపాడుకోవచ్చు. అతను ఆ సొమ్మంతా ఆఖరి పందెంలో ఒడ్డుతాడు. అప్పులవాళ్ళను దుకాణం రెండు తలుపుల మధ్య బంధించి, టీవీలో ఆట చూస్తూ ఊగిపోతాడు.

ఆ కొద్ది నిమిషాలలో ఇంట్లో ఒక విచిత్రం జరిగింది. నేను తెలుగు చెప్పడం మానేశాను. అక్క అడగలేదు. ముగ్గురం చాప అంచుకు జరిగి, పిడికిళ్ళు బిగించి, అతను గెలవాలని కోరుకుంటున్నాము. అతను అబద్ధాలకోరు, భార్యను వంచించినవాడు, ఒకరి ఉంగరం తాకట్టు పెట్టినవాడు. అయినా గెలవాలి!

గెలిచాడు. పన్నెండు లక్షల డాలర్లకు పైగా గెలిచాడు. ముఖమంతా నవ్వుతో తలుపు తెరిచాడు. లోనికి వచ్చిన వాళ్ళలో ఒకడు ఆ నవ్వు మీదనే కాల్చాడు.

అక్క ఉలిక్కిపడలేదు. "గెలిచినంక గద పోయిండు. మీ బావ సుత కప్పు గెలిచిన రాత్రే పోయిండు. ఓడిపోతే మనకు మిగులుతుండె" అన్నది.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. తొమ్మిదేళ్ళుగా నేను ఆ క్రియాపదాన్ని జాలితో మార్చానని నాకు నేను చెప్పుకుంటున్నాను. అక్క కాపురం నిలబెట్టడానికి మార్చానని కూడా చెప్పుకున్నాను. అది నా అబద్ధాలలో అతి పెద్దది. ఇప్పుడు చాప అంచున పిడికిళ్ళు బిగించి కూర్చున్నట్టే ఆ సాయంకాలం కూడా నేను కూర్చున్నాను. బావ కళ్ళలోని మెరుపు నాకు కావలసి వచ్చింది. అతను గెలవడం చూడాలనుకున్నాను. అతను అమ్మిన సరుకును ఇష్టపడి కొన్నాను.

పిల్లవాడు నిద్రకు పోయిన తరువాత అక్కకు అంతా చెప్పాను. ఇన్నేళ్ళూ నెలనెలా నేను సేటుకు కట్టిన సొమ్ము బావ బాకీ అనీ, తమ్ముడు మంచివాడు గనుక కట్టాడనీ ఆమె అనుకుంటున్నదని నా నమ్మకం. అది నా బాకీయేనని చెప్పాను.

అక్క చాలాసేపు నేల వంక చూసింది. "ఆ చిట్టి ఆయన అంగి జేబుల ఉండె. ఉతికేటప్పుడు చదివిన. తెలుగు నాకచ్చు గద. సొమ్ము ముట్టిందనే రాసిండ్రు. మరి సేటు మల్ల మాలెట్ల ఇచ్చిండని నేను అడగలే. ఆయన్నడగలే, నిన్నడగలే."

"ఎందుకడగలేదక్కా?"

"ఈసారన్న గెలుస్తడేమోనని."

సాంచెల చప్పుడు లేని ఆ రాత్రి మా ఇద్దరికీ ఒకరి శ్వాస ఒకరికి వినిపించింది. తన్ను తాను పాడుచేసుకొనేవాడు ఒంటరిగా పాడవుతాడని లోకం అనుకుంటుంది. ఆ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. నవ్వేవాళ్ళు కావాలి, సంతకం పెట్టేవాళ్ళు కావాలి, జేబులోని చిట్టి చదివి మళ్ళీ జేబులోనే పెట్టేవాళ్ళు కావాలి. పట్టపగలు దీపం వెలిగించవలసినది అతనొక్కడే కాదు. ఆ ఇంట్లోని వాళ్ళందరి చేతికీ అగ్గిపెట్టె అందుతూనే ఉంటుంది.

వారం తిరగకముందే సిరిసిల్ల నుండి ఫోను వచ్చింది. బావ గొంతులో పాత ఉత్సాహం. "బామ్మర్దీ, మాస్కులు! లక్షలకు లక్షలు గావాలె. గుడ్డ సూరత్‌ది, కుట్టుడు సిరిసిల్లది. ఒక పెద్ద కంపెనీకి నువ్వు ఇంగ్లీషుల ఒక్క ఉత్తరం రాస్తే సాలు. మన దగ్గర యాభై మిషన్లున్నయని రాయి."

"ఎన్నున్నయి బావా?"

"వస్తయి."

అక్క పక్కనే ఉంది. ఆ మాట వినగానే ఆమె కళ్ళలో క్షణకాలం ఏదో మెరిసింది. నా కళ్ళలో ఏం మెరిసిందో ఆమెకే తెలియాలి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

"బావా, ముందు తెలుగుల రాసి పంపు. ఎన్ని మిషన్లున్నయో, ఎంత సొమ్మున్నదో రాయి. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు చేసి ఇస్త" అన్నాను.

అవతల కొంచెంసేపు మాట లేదు. తరువాత, "రేపే పంపుత" అన్నాడు.

బావ నేటికీ ఫోను చేస్తూనే ఉంటాడు. కొత్త బేరాలు చెబుతూనే ఉంటాడు. అక్క వింటుంది, ఆరోగ్యం ఎట్లా ఉందని అడుగుతుంది. ఆ ఉత్తరం మాత్రం ఇంకా రాలేదు.